మృదుకలప అంతర్జాతీయ వాణిజ్య పరిమాణాలను కాలక్రమంలో పోల్చే పద్ధతి: కల్వకుర్తి ప్రాంత వృక్షసాగు సలహాలకు దాని అన్వయం

సారాంశం

వివిధ దేశాల మధ్య సాగే మృదుకలప వాణిజ్య పరిమాణాలను కాలక్రమంలో పోల్చేటప్పుడు తలెత్తే దోషాలను, వాటి సవరణ మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వస్తు నిర్వచనం, కొలమానాలు, దుంగ సమానకం, ఎగుమతి-దిగుమతి లెక్కల మధ్య తేడా, సరిహద్దుల మార్పు, ఆధార సంవత్సరం ఎంపిక అనే ఆరు అంశాలు ఇందులో ఉదాహరణలతో చర్చించబడ్డాయి. రష్యా, కెనడా, జపాన్, న్యూజిలాండ్ దేశాల అనుభవాలు పరిశీలించబడ్డాయి. నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలో కలప చెట్ల సాగుకు ముందుకు వచ్చే రైతులకు సలహా ఇచ్చే సందర్భంలో ఈ పద్ధతిని ఎలా వినియోగించాలో చివర సూచించబడింది.

ముఖ్య పదాలు: మృదుకలప, దుంగ సమానకం, ఘనపరిమాణం, ఆధార సంవత్సరం, వృక్షసాగు, కల్వకుర్తి

పరిచయం

కల్వకుర్తి, వెల్దండ, వంగూరు మండలాల్లోని ఎర్ర చల్కా నేలల్లో పత్తి, వేరుశనగ, మొక్కజొన్న, జొన్న, ఆముదం ప్రధానంగా సాగవుతాయి. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మూడు దశల్లో ఎత్తిపోసే మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక కొంత ఆయకట్టు వరికి మారింది. కాలువ నీరు అందని మెట్ట భూముల్లో, కూలీల కొరత ఉన్న కమతాల్లో, యజమాని పట్నంలో నివసించే భూముల్లో మాత్రం చెట్ల సాగు పట్ల ఆసక్తి పెరుగుతున్నది. జామాయిల్, మలబారు వేప, టేకు, శ్రీగంధం, ఎర్రచందనం మొక్కలు అమ్మేవారు రైతుకు తరచుగా చెప్పే మాట ఒకటున్నది: "దేశం ఏటా వేల కోట్ల రూపాయల కలపను దిగుమతి చేసుకుంటున్నది, కాబట్టి మీ చెట్టుకు గిరాకీ తప్పదు."

ఈ వాక్యంలోని మొదటి సగం నిజం. రెండవ సగం మొదటి సగం నుండి తనంతట తానుగా రాదు. దిగుమతి అవుతున్న కలపలో గణనీయ భాగం పైన్, స్ప్రూస్ వంటి చెట్ల మృదుకలప. అది ఏ పనికి వస్తున్నది, ఏ ధరకు వస్తున్నది, ఎంతకాలంగా ఏ దిశలో మారుతున్నది అనే ప్రశ్నలకు సమాధానం తెలియకుండా రైతు 8 నుండి 20 సంవత్సరాలపాటు భూమిని చెట్టుకు అప్పగించడం పెద్ద సాహసం. పత్తి ధర పడిపోతే మరుసటి ఏడాది పంట మార్చుకోవచ్చు. ఆరేండ్ల చెట్టును మధ్యలో మార్చుకోలేరు. అందువల్ల వాణిజ్య గణాంకాలను సరిగా చదవగలగడం ఆర్థికశాస్త్ర విద్యార్థికి మాత్రమే గాక విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అవసరమైన నైపుణ్యం.

1. మృదుకలప అంటే ఏది?

వాడుకలో మెత్తగా ఉండే ప్రతి కలపనూ మెత్త కలప అంటారు. గణాంకాలలో ఈ పదానికి వృక్షశాస్త్ర అర్థమే వర్తిస్తుంది. వివృతబీజాలైన శంకుధారి వృక్షాల నుండి, అనగా పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు, లార్చ్ మొదలైన వాటి నుండి వచ్చేది మృదుకలప. ఆవృతబీజాలైన ద్విదళబీజ వృక్షాల నుండి వచ్చేది కఠినకలప. మృదుకలపలో దారునాళాలు ఉండవు. దారుకణాలే నీటి ప్రసరణకూ, బలానికీ ఆధారం. కలప గట్టిదా మెత్తదా అన్నది ఈ విభజనకు ప్రాతిపదిక కాదు.

దీని ప్రకారం అగ్గిపుల్లలకు వాడే బూరుగ కలప గోటితో నొక్కితే సొట్టపడేంత మెత్తనిదైనా శాస్త్రీయంగా కఠినకలపే. ప్లైవుడ్‌కు పెంచే మలబారు వేప, కాగితపు గుజ్జుకు పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు అన్నీ కఠినకలప జాతులే. నల్లమల అడవిలోని టేకు, నల్లమద్ది, ఏగిస కూడా ఆ కోవలోనివే. తెలంగాణ సహజ అడవులలో మృదుకలప ఇచ్చే శంకుధారి అడవులు లేవు. కనుక మృదుకలప దిగుమతులు పెరిగాయన్న అంకెను చూపి మలబారు వేపకు గిరాకీ పెరిగిందనడం రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా చూపడమే. ఈ రెండింటి మధ్య సంబంధం అసలు లేదని కాదు. ఏ వినియోగంలో ఒకదాని స్థానంలో మరొకటి వాడగలరో నిరూపించిన తరువాతనే ఆ సంబంధాన్ని అంగీకరించాలి.

ప్రపంచ వాణిజ్యంలో 1988 నుండి అమలులో ఉన్న సమన్వయ వస్తు సంకేత విధానంలో దుంగలకు 4403, ఆరు మిల్లీమీటర్ల కంటే మందంగా కోసిన కలపకు 4407, ప్లైవుడ్‌కు 4412 సంకేతాలు ఉన్నాయి. 2017 సవరణ వరకు శంకుధారి దుంగలన్నీ ఒకే ఉపశీర్షిక కింద ఉండేవి. ఆ సవరణలో పైన్‌ను ఒకచోట, ఫర్, స్ప్రూస్‌లను మరొకచోట, మిగిలిన వాటిని ఇంకొకచోట చేర్చి, దుంగ మందాన్ని బట్టి కూడా విడదీశారు. 2015 నాటి ఉపశీర్షికను, 2018 నాటి ఉపశీర్షికను పక్కపక్కన పెట్టి పోలిస్తే లేని పతనం కనబడుతుంది. దీర్ఘకాల శ్రేణి కావలసిన విద్యార్థి కొత్త ఉపశీర్షికలన్నింటినీ కూడి పాత శీర్షికకు సమానం చేసుకోవాలి. లేదా 1961 నుండి ఒకే తరహా వర్గీకరణతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చే అటవీ ఉత్పత్తుల శ్రేణిని వాడుకోవాలి.

2. కొలమానాలు: ఒకే దుంగకు రెండు లెక్కలు

పత్తి బేలు ఉదాహరణ కల్వకుర్తి ప్రాంతంలో అందరికీ సులభంగా అర్థమవుతుంది. భారతదేశంలో బేలు 170 కిలోలు; అమెరికాలో 480 పౌండ్లు, అనగా సుమారు 218 కిలోలు. రెండు దేశాల బేళ్లను నేరుగా పోల్చితే దాదాపు 28 శాతం దోషం వస్తుంది. కలపలో ఈ సమస్య ఇంకా తీవ్రం.

భారత కలప వ్యాపారంలో చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించే హోపస్ పద్ధతి చాలాకాలంగా ఉన్నది. నడిమి చుట్టుకొలత 1.2 మీటర్లు, పొడవు 4 మీటర్లు ఉన్న దుంగను తీసుకుంటే, హోపస్ లెక్కన దాని పరిమాణం 0.3 × 0.3 × 4 = 0.36 ఘనమీటర్లు. వృత్తాకార ఛేదాన్ని బట్టి అసలు పరిమాణం 1.44 × 4 ÷ 12.57 = 0.458 ఘనమీటర్లు. హోపస్ లెక్క అసలు పరిమాణంలో 78.5 శాతం మాత్రమే చూపుతుంది. దుంగను చదరంగా చెక్కేటప్పుడు పోయే తరుగును ముందే మినహాయించడం ఆ పద్ధతి ఉద్దేశం. తాము కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ ఒకే పద్ధతి వాడే వ్యాపారులకు దీనివల్ల నష్టం లేదు. ఒక దేశపు అసలు ఘనమీటర్లను మరో దేశపు హోపస్ లెక్కతో పోల్చే పరిశోధకునికి మాత్రం ఐదో వంతు కంటే ఎక్కువ దోషం వస్తుంది.

కోసిన కలపకు ఉత్తర అమెరికాలో బోర్డు అడుగు కొలమానం. వెయ్యి బోర్డు అడుగులు లెక్క ప్రకారం 2.36 ఘనమీటర్లు. కానీ అక్కడ రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు అని పిలిచే చెక్క వాస్తవంగా ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే ఉంటుంది. పేరుకు 8 చదరపు అంగుళాల ఛేదం, వాస్తవంగా 5.25 మాత్రమే. అందువల్ల అటువంటి చెక్కల విషయంలో వెయ్యి బోర్డు అడుగులకు వాస్తవ పరిమాణం సుమారు 1.55 నుండి 1.6 ఘనమీటర్లే. 1996లో అమెరికా, కెనడాల మధ్య కుదిరిన మృదుకలప ఒప్పందం నాలుగు కెనడా రాష్ట్రాల నుండి ఏటా 1,470 కోట్ల బోర్డు అడుగుల వరకు రుసుము లేకుండా అనుమతించింది. నామమాత్ర లెక్కన అది 3.47 కోట్ల ఘనమీటర్లు, 1.6 గుణకంతో 2.35 కోట్ల ఘనమీటర్లు. ఒకే ఒప్పందంలోని ఒకే సంఖ్య గుణకాన్ని బట్టి కోటి ఘనమీటర్లకు పైగా మారుతున్నది.

బరువుతో కొలిచినప్పుడు తేమ మరొక సమస్య. అప్పుడే నరికిన పైన్ దుంగ ఘనమీటరు 900 నుండి 1,000 కిలోల వరకు తూగవచ్చు. బట్టీలో ఆరబెట్టిన అదే కలప 450 నుండి 550 కిలోలకు తగ్గుతుంది. మన రాష్ట్రంలో కాగితపు మిల్లులు జామాయిల్‌ను టన్నులలో కొంటాయి. దిగుమతి కలప ఘనమీటర్లలో వస్తుంది. కోత మిల్లుల్లో ధర ఘనపుటడుగులలో చెబుతారు. ఒక ఘనమీటరు 35.3 ఘనపుటడుగులకు సమానం. రైతుకు ధరల పోలిక చెప్పే ముందు మూడింటినీ ఒకే కొలమానంలోకి, ఒకే తేమ స్థితికి మార్చడం తప్పనిసరి.

3. దుంగ సమానకం

వేరుశనగ కాయలను, పప్పును కలిపి క్వింటాళ్లలో కూడితే ఆ మొత్తానికి అర్థం ఉండదు. కాయల నుండి పప్పు దాదాపు 70 శాతం వస్తుంది గనుక రెండింటినీ కాయలలోకి మార్చుకుని కూడాలి. కలపలోనూ అంతే. ఒక ఘనమీటరు కోసిన కలప రావడానికి మిల్లు సామర్థ్యాన్ని బట్టి సుమారు రెండు ఘనమీటర్ల దుంగ కావాలి. అన్ని ఉత్పత్తులనూ ఈ విధంగా దుంగలోకి మార్చి చెప్పడమే దుంగ సమానకం.

పాఠ్య సౌలభ్యం కోసం ఒక ఊహాత్మక దేశాన్ని తీసుకుందాం. మొదటి సంవత్సరంలో అది 30 లక్షల ఘనమీటర్ల దుంగలు, 5 లక్షల ఘనమీటర్ల కోసిన కలప ఎగుమతి చేసింది. కొన్నేండ్ల తరువాత దుంగలు 10 లక్షలకు తగ్గి, కోసిన కలప 15 లక్షలకు పెరిగింది. దుంగలను మాత్రమే చూసిన విద్యార్థి ఎగుమతి మూడింట రెండు వంతులు పడిపోయిందంటాడు. రెండింటినీ నేరుగా కూడినవాడు 35 లక్షల నుండి 25 లక్షలకు, అనగా 28.6 శాతం తగ్గిందంటాడు. దుంగ సమానకంలో మొదటి సంవత్సరం 30 + 10 = 40 లక్షలు, తరువాతి సంవత్సరం 10 + 30 = 40 లక్షలు. అడవి నుండి బయటకు వెళ్లిన కలపలో మార్పే లేదు. మారినది కోత పని జరిగే దేశం.

రష్యా అనుభవం ఈ కోవలోనిదే. 2006లో ప్రపంచంలో అత్యధికంగా దుంగలు ఎగుమతి చేసిన దేశం అదే. ఆ ఏడాది పరిమాణం సుమారు 5 కోట్ల ఘనమీటర్లు. కోత పరిశ్రమ స్వదేశంలోనే వృద్ధి చెందాలన్న ఉద్దేశంతో 2007 జూలైలో దుంగలపై ఎగుమతి సుంకాన్ని 20 శాతానికి, 2008 ఏప్రిల్‌లో 25 శాతానికి పెంచారు. 2009 నాటికి దుంగల ఎగుమతి సగానికంటే తక్కువకు పడిపోయింది. ఆ తరువాతి సంవత్సరాలలో కోసిన కలప ఎగుమతి పెరుగుతూ వచ్చింది. 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు పైన్, స్ప్రూస్ దుంగలకు సుంకపు కోటాలు వచ్చాయి. 2022 జనవరి 1 నుండి శంకుధారి దుంగల ఎగుమతినే నిషేధించారు. దుంగల శ్రేణిని మాత్రమే గీసిన పటంలో ఇది అటవీ రంగ పతనంగా కనిపిస్తుంది. దుంగ సమానకం వేసి చూస్తే విధాన మార్పుగా అర్థమవుతుంది. 2009 తగ్గుదలలో ప్రపంచ ఆర్థిక మాంద్యం వాటా కూడా ఉన్నదని మరువరాదు.

4. ఎగుమతి లెక్క, దిగుమతి లెక్క

ఒకే ఓడలోని సరుకును పంపిన దేశం, తీసుకున్న దేశం వేర్వేరుగా నమోదు చేస్తాయి. రెండు అంకెలూ అరుదుగా సరిసమానంగా ఉంటాయి. డిసెంబరులో బయలుదేరిన ఓడ జనవరిలో చేరితే రెండు సంవత్సరాల లెక్కల్లో పడుతుంది. విలువ విషయంలో ఎగుమతిదారు ఓడ ఎక్కించే వరకు అయిన ధరను, దిగుమతిదారు రవాణా, బీమా ఖర్చులు కలిపిన ధరను రాస్తారు. దుంగ చవకగా, బరువుగా ఉండే సరుకు గనుక ఓడ కిరాయి వాటా విలువలో అధికం. కొన్ని దేశాలు బెరడుతో, కొన్ని బెరడు లేకుండా కొలుస్తాయి. మధ్యలో మరో ఓడరేవులో దించి తిరిగి పంపిన సరుకుకు మూలదేశం మారిపోయే అవకాశం ఉన్నది. అక్రమ నరుకుడు, తక్కువ చూపిన లెక్కలు కూడా ఈ తేడాకు కారణం కాగలవు.

అందువల్ల రెండు వైపుల శ్రేణులను పక్కపక్కన పెట్టి, వాటి నిష్పత్తిని ఏటేటా గణించడం మంచి అలవాటు. నిష్పత్తి స్థిరంగా ఉంటే తేడా కొలమానానికి సంబంధించినది. ఒక్కసారిగా మారితే ఆ ఏడాది విధానం గాని, నమోదు పద్ధతి గాని మారిందని అనుమానించి పరిశీలించాలి. ధోరణిని అధ్యయనం చేసేటప్పుడు ఏదో ఒక వైపు శ్రేణినే చివరి వరకు వాడాలి. కొన్నేండ్లు అటు, కొన్నేండ్లు ఇటు తీసుకోరాదు.

5. సరిహద్దులు మారినప్పుడు

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి కల్వకుర్తి విద్యార్థికి విదేశీ ఉదాహరణ అవసరం లేదు. 2016 అక్టోబరు 11 వరకు కల్వకుర్తి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ రోజు పాత జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయింది. కల్వకుర్తి శాసనసభ నియోజకవర్గంలోని ఆమన్‌గల్, తలకొండపల్లి, మాడ్గుల మండలాలు రంగారెడ్డి జిల్లాలో చేరాయి. 2015 మహబూబ్‌నగర్ పత్తి విస్తీర్ణాన్ని 2018 మహబూబ్‌నగర్ పత్తి విస్తీర్ణంతో పోల్చితే రైతులు పత్తిని వదిలేశారన్న తప్పుడు నిర్ధారణకు వస్తాం. ఒక చెలక కూడా మారలేదు. మారినది జిల్లా హద్దు.

ప్రపంచ మృదుకలప శ్రేణులలో 1991 అటువంటి సంవత్సరం. సోవియట్ యూనియన్ 15 దేశాలుగా విడిపోయిన తరువాత, అంతకుముందు దేశీయ రవాణాగా ఉన్న కలప కదలిక అంతర్జాతీయ వాణిజ్యంగా నమోదు కావడం మొదలైంది. సైబీరియా దుంగ కజకస్తాన్‌కు వెళ్లడం 1990లో ఎగుమతి కాదు, 1993లో ఎగుమతి. 1990లో జర్మనీ ఏకమైంది, 1993లో చెకోస్లొవేకియా రెండుగా విడిపోయింది. అదే 1993లో యూరోపియన్ దేశాల మధ్య సరిహద్దు సుంక తనిఖీలు తొలగి, సంస్థలే స్వయంగా నివేదించే పద్ధతి వచ్చింది. ఈ కాలాన్ని దాటే ఏ శ్రేణినైనా ప్రాంతాల సముదాయాలుగా, స్థిరమైన హద్దులతో పునర్నిర్మించిన తరువాతనే వృద్ధి రేటు గణించాలి.

6. ఆధార సంవత్సరం, వృద్ధి రేటు

అమెరికాలో ఇండ్లు ఎక్కువగా చెక్క చట్రంతో నిర్మిస్తారు. అందువల్ల కెనడా మృదుకలప ఎగుమతి అక్కడి గృహనిర్మాణంతో ముడిపడి ఉంటుంది. 2005లో అమెరికాలో సుమారు 20.7 లక్షల ఇండ్ల నిర్మాణం మొదలైంది, 2009లో 5.5 లక్షలకు పడిపోయింది. 2009ని ఆధారంగా తీసుకున్నవారికి ఆ తరువాతి వాణిజ్యమంతా వృద్ధిగా కనిపిస్తుంది. 2005ని తీసుకున్నవారికి క్షీణతగా కనిపిస్తుంది. రెండూ అంకెల ప్రకారం సరైనవే, రెండూ తప్పుదోవ పట్టించేవే.

తుఫానులు, పురుగులు కూడా ఇటువంటి అసాధారణ సంవత్సరాలను సృష్టిస్తాయి. 2005 జనవరిలో వచ్చిన గుడ్రున్ తుఫాను స్వీడన్ దక్షిణ భాగంలో సుమారు 7.5 కోట్ల ఘనమీటర్ల కలపను పడగొట్టింది. 2018 తరువాత మధ్య యూరప్‌లో కరువు, బెరడు పురుగుల వల్ల ఎండిన స్ప్రూస్ చెట్లను త్వరగా అమ్మవలసి వచ్చి, జర్మనీ నుండి చైనాకు దుంగల ఎగుమతి ఒక్కసారిగా పెరిగింది. అది సాగు విజయం కాదు, నష్ట నివారణ.

కాబట్టి ఒకే సంవత్సరానికి బదులు మూడేండ్ల సగటును ఆధారంగా తీసుకోవాలి. చక్రవృద్ధి రేటును మొదటి, చివరి అంకెల నుండి మాత్రమే గాక, పరిమాణపు సంవర్గమానాన్ని కాలంపై ప్రతిగమనం చేసి గణించాలి. అస్థిరతకు కడ్డీ-డెల్లా వల్లె సూచిక వాడితే ధోరణి వల్ల వచ్చిన మార్పు తొలగి, అసలు ఒడిదుడుకులు తెలుస్తాయి. విచలన గుణకాన్ని, ఒకటి నుండి సవరించిన నిర్ధారణ గుణకాన్ని తీసివేయగా వచ్చిన దాని వర్గమూలంతో గుణించడమే ఆ సూచిక. పత్తి, మిరప ధరల అధ్యయనంలో విద్యార్థులకు పరిచయమైన ఈ సాధనాలు కలపకూ అలాగే వర్తిస్తాయి.

7. నాటిన నాటి మార్కెట్టు, కోసిన నాటి మార్కెట్టు

వాణిజ్య శ్రేణులు వృక్షసాగు రైతుకు నేర్పే అతి ముఖ్యమైన పాఠం కాలవ్యవధికి సంబంధించినది. జపాన్‌లో రెండవ ప్రపంచ యుద్ధానంతరం కలప కొరత తీవ్రంగా ఉండగా, కొండ ప్రాంత రైతులు సుగి, హినోకి జాతుల శంకుధారి చెట్లను విస్తారంగా నాటారు. అవి కోతకు రావడానికి 40 నుండి 50 సంవత్సరాలు పడుతుంది. ఆ లోగా పెరిగిన గిరాకీని తట్టుకోవడానికి ప్రభుత్వం 1964లో కలప దిగుమతిని పూర్తిగా సరళీకరించింది. 1955లో 90 శాతం దాటి ఉన్న కలప స్వయంసమృద్ధి 2002 నాటికి 18.8 శాతానికి దిగజారింది. నిలువు సుగి చెట్టు ధర 1980లో శిఖరానికి చేరి, ఆ తరువాత దీర్ఘకాలం పడిపోతూ వచ్చింది. తాతలు నాటిన చెట్లు మనుమల చేతికి వచ్చేసరికి నరుకుడు కూలి కూడా కష్టమైన కుటుంబాలు అనేకం. 2020లో స్వయంసమృద్ధి 41.8 శాతానికి కోలుకున్నది. కానీ మధ్యలో గడిచిన నలభై ఏండ్లు ఆ రైతులకు తిరిగి రావు.

న్యూజిలాండ్ మరో వైపు ఉదాహరణ. అక్కడ నాటిన అడవులలో దాదాపు 90 శాతం రేడియేటా పైన్. కోత వయస్సు సుమారు 28 సంవత్సరాలు. 1990ల ఆరంభంలో ధరలు ఆశాజనకంగా ఉండటంతో నాటడం ఉధృతమై, 1994లో ఒక్క ఏడాదిలోనే 98 వేల హెక్టార్ల వరకు కొత్తగా నాటారు. ఆ చెట్లు కోతకు వచ్చినది ఇటీవలి సంవత్సరాలలోనే. అనగా నేటి ఎగుమతి పరిమాణం నేటి ధరకు స్పందన మాత్రమే కాదు; ముప్పై ఏండ్ల కిందటి నిర్ణయాల ఫలితం కూడా. చెట్టు వయస్సు తెలియకుండా వాణిజ్య పరిమాణాన్ని వివరించడం, విత్తిన తేదీ తెలియకుండా దిగుబడిని వివరించడం వంటిది.

8. భారతదేశం, కల్వకుర్తి

1988 జాతీయ అటవీ విధానం సహజ అడవులను పర్యావరణ రక్షణకు కేటాయించి, పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల నుండి సమకూర్చుకోవాలని సూచించింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు అడవుల నరుకుడును, అనుమతి లేని కోత మిల్లులను కట్టడి చేశాయి. దేశీయ సరఫరా తగ్గిన ఆ ఖాళీని దిగుమతులు, రైతుల చెట్లు కలిసి పూరించాయి. కఠినకలపలో మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుండి దుంగల ఎగుమతిని నిషేధించడంతో టేకు సరఫరా మార్గాలు మారాయి. మృదుకలపలో న్యూజిలాండ్, ఉరుగ్వే పైన్ దుంగలు గుజరాత్‌లోని కాండ్లా రేవుకు చేరి, గాంధీధామ్ కోత మిల్లుల్లో చెక్కలై దేశమంతటికీ వెళ్తాయి.

ఈ పైన్ చెక్క ప్రధానంగా ప్యాకింగ్ పెట్టెలకు, ప్యాలెట్లకు, సెంట్రింగు పనికి, చవక ఫర్నిచరుకు వినియోగమవుతుంది. అందువల్ల కల్వకుర్తి రైతు చెట్లలో దానితో నేరుగా పోటీ పడేవి ప్యాకింగ్, సెంట్రింగు చెక్కకు అమ్మే రకాలు. టేకు తలుపు చట్రానికి పైన్ ప్రత్యక్ష పోటీ కాదు. కాగితపు మిల్లుకు వెళ్లే జామాయిల్‌కు పోటీ పైన్ దుంగ కాదు, దిగుమతి గుజ్జు, వ్యర్థ కాగితం. శ్రీగంధం, ఎర్రచందనాలకు ఈ శ్రేణులతో ఏ సంబంధమూ లేదు. వాటి మార్కెట్టు, అనుమతుల నిబంధనలు పూర్తిగా వేరు.

వాణిజ్య పరిమాణం గిరాకీ వల్లనే కాక సస్యరక్షణ నిబంధనల వల్ల కూడా మారుతుందని గమనించాలి. మన దేశానికి వచ్చే దుంగలకు మిథైల్ బ్రోమైడ్ ధూమీకరణ షరతు ఉండేది. ఓజోన్ పొరకు హాని చేసే ఆ వాయువు వాడకంపై న్యూజిలాండ్ 2021లో నియమాలను కఠినతరం చేసింది. ఇటువంటి కారణంతో ఒక దేశం నుండి దిగుమతి తగ్గితే మరో దేశం ఆ స్థానాన్ని తీసుకుంటుంది. దేశీయ కొరత ఏర్పడిందని వెంటనే నిర్ధారించరాదు. అందుకే ఒక్క దేశపు శ్రేణిని గాక, అన్ని దేశాల మొత్తాన్ని, ఉత్పత్తికి దిగుమతిని కలిపి ఎగుమతిని తీసివేయగా వచ్చే ప్రత్యక్ష వినియోగాన్ని చూడాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

బిజినేపల్లి మండలం పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం పరిధిలో పనిచేసేవారు, క్షేత్ర అధ్యయనానికి వచ్చే విద్యార్థులు చెట్ల సాగు గురించి అడిగే రైతుకు సమాధానం చెప్పే ముందు కింది ప్రశ్నలను వరుసగా వేసుకోవడం మేలు.

1. ప్రచారంలో చూపుతున్న దిగుమతి అంకె విలువా, పరిమాణమా? విలువ అయితే రూపాయి మారకం, ఓడ కిరాయిల మార్పును తొలగించారా?

2. ఆ అంకెలో మృదుకలప ఎంత, కఠినకలప ఎంత, గుజ్జు, ప్లైవుడ్ ఎంత? రైతు నాటబోయే జాతి వీటిలో దేనికి ప్రత్యామ్నాయం?

3. కొలమానం అసలు ఘనమీటరా, హోపస్ లెక్కా, పచ్చి బరువా, ఆరిన బరువా?

4. పోలికకు ఎంచుకున్న మొదటి సంవత్సరం సాధారణ సంవత్సరమేనా?

5. చెట్టు కోతకు వచ్చే ఏడాదికి పోటీ దేశాలలో ఇప్పటికే నాటి ఉన్న చెట్లు ఏ వయస్సుకు చేరుతాయి?

6. కల్వకుర్తి నుండి కొనుగోలుదారు మిల్లు ఎంత దూరం? నరుకుడు, బెరడు తీత, లారీ కిరాయి పోగా రైతు చేతికి టన్నుకు ఎంత మిగులుతుంది?

చివరి ప్రశ్న ప్రపంచ గణాంకాల నుండి పుట్టినది కాకపోయినా అన్నింటికంటే నిర్ణయాత్మకమైనది. కలప బరువైన సరుకు. దూరం పెరిగేకొద్దీ రైతు వాటా తరుగుతుంది. రేవు నుండి వచ్చే పైన్‌కైనా, చెలక నుండి వెళ్లే జామాయిల్‌కైనా ఇదే సూత్రం. ఈ లెక్క తేలే వరకు మొత్తం కమతాన్ని చెట్లకు ఇవ్వకుండా, గట్ల వెంట గాని, వెడల్పాటి వరుసల మధ్య వేరుశనగ, కంది వంటి అంతరపంటలతో గాని మొదలుపెట్టమని సూచించడం సురక్షితం. అప్పుడు మార్కెట్టు అంచనా తప్పినా కుటుంబానికి ఏటా వచ్చే ఆదాయం పూర్తిగా ఆగదు.

ముగింపు

దేశాల మధ్య మృదుకలప వాణిజ్యాన్ని పోల్చడంలో అంకెలు దొరకకపోవడం కంటే, దొరికిన అంకెలు ఒకే వస్తువును, ఒకే కొలతను, ఒకే హద్దును, ఒకే తరహా కాలాన్ని సూచించకపోవడమే ప్రధాన సమస్య. ఈ నాలుగింటినీ సరిచేసిన తరువాత శ్రేణి చెప్పే కథ తరచుగా మొదటి చూపుకు కనిపించిన దానికి భిన్నంగా ఉంటుంది. రష్యాలో పతనంగా కనిపించినది విధాన మార్పు. జర్మనీలో వృద్ధిగా కనిపించినది పురుగు నష్టం. న్యూజిలాండ్‌లో నేటి సరఫరాగా కనిపించినది 1990ల నాటి ఆశ. దిగుమతి అంకెను చూపి మొక్క అమ్మేవారు కోత నాటికి కల్వకుర్తి రైతు పక్కన ఉండరు. సలహా ఇచ్చే శాస్త్రవేత్త, ఆయన తరువాత ఆ స్థానానికి వచ్చేవారు మాత్రం ఆ రైతుకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. కనుక నాటడానికి ముందే లెక్కను సరిచూడటం వారి బాధ్యత.